సూపర్ డీలక్సు తీర్మానం

ముక్తేశ్వరం దగ్గర మా ఊరి కొబ్బరి రైతుల సంఘం 1985లో ఒక చిన్న ట్రక్కు కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ రోజు సమావేశానికి వేళకి వచ్చినవారు అధ్యక్షులు గంగరాజు గారు ఒక్కరే కావడంతో ఏకగ్రీవానికి ఏ ఇబ్బందీ కలగలేదు.

అప్పటిదాకా మా కాయలు కిరాయి లారీ దయమీద బతికేవి. లారీ ఆసామి తనకి తోచినప్పుడు వచ్చేవాడు. ఈలోగా కాయలు రాశిలోనే మొలకలెత్తేవి. సుందరమ్మ గారికి ఉన్న ఆధారమల్లా పదిహేను చెట్లు. ఆవిడ రాశి పక్కనే మంచం వేసుకుని లారీ కోసం చూసేవారు.

కంపెనీవారు నున్నటి కాగితం మీద రంగుల బొమ్మల పుస్తకం పంపేరు. ట్రక్కు మూడు రకాలట: సాదా, డీలక్సు, సూపర్ డీలక్సు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కనుక చదివి వినిపించే భారం కార్యదర్శి మాణిక్యాలరావు గారు వహించారు. రిటైరైన హెడ్మాస్టరు గారు. ప్రతి వాక్యానికీ వ్యాకరణం కూడా చెప్పడంవల్ల మొదటి పేజీకే రెండు సమావేశాలు పట్టేయి.

సాదాలో రెక్సిను సీటు, ఒక అద్దం. డీలక్సులో మెత్తటి సీట్లు, రెండద్దాలు, రేడియో. సూపర్ డీలక్సులో ఇవి కాక టేపురికార్డరు, గడియారం, కిటికీలకి తెరలు, బుల్లి ఫ్యాను, అయిదు రాగాలు పలికే హారను.

ఊళ్లో లారీ తోలడం తెలిసినవాడు ఏలీయా ఒక్కడే. డ్రైవరు ఉద్యోగం అతనికేనని మాటిచ్చేరు. అందుచేత గుమ్మం దగ్గర నిలబడి వినే గౌరవం కూడా కల్పించేరు.

"ఇంజను మూడింటికీ ఒకటేనాండీ?" అనడిగేడు ఏలీయా.

"ఒకటే," అన్నారు మాణిక్యాలరావు గారు, పుస్తకం తిరగేసి.

"వెనకాల తొట్టోనండి?"

"అదీ ఒకటే."

"ఆయ్. అయితే సాదా చాలండి. కాయలు తెరలడగవు కదండీ."

గంగరాజు గారు కండువా సవరించుకుని లేచేరు.

"ఏలీయా! నువ్వు తోలేవాడివి, నీకు రోడ్డు కనపడుతుంది. నేను అధ్యక్షుణ్ణి, నాకు సంఘం గౌరవం కనపడుతుంది. పక్క ఊరి సంఘం డీలక్సు కొంది. రేపు మనం సాదాలో వెడితే మన కాయని ఎవడైనా కాయంటాడా?"

చప్పట్లు మోగేయి. నేనూ కొట్టేను.

తెరల రంగు తేల్చడానికి వేసిన ఉపసంఘం వానాకాలమంతా శ్రమించింది. కడపటి పేజీ మాత్రం కొంచెం చిక్కు తెచ్చింది. స్టెప్నీ చక్రం, తొట్టి మీద కప్పే టార్పాలిను ఏ రకంలోనూ రావట, విడిగా కొనుక్కోవాలట. హారను వదులుకుంటే ఆ డబ్బుతో అవి వస్తాయి, అవే కొనమని ఏలీయా అడిగేడు. ఓటు పెట్టేరు. ఒక్క సుందరమ్మ గారు తప్ప అందరం హారనుకే చెయ్యెత్తేం.

"స్టెప్నీ అంటే ఏంటో నాకు తెలీదు బాబూ. ఏలీయా అడిగేడంటే అక్కర ఉండే ఉంటుంది," అన్నారావిడ. ఆవిడ అజ్ఞానాన్ని సభ పెద్దమనసుతో క్షమించింది.

ట్రక్కు వచ్చే రోజున ఎదురెళ్లి తీసుకొచ్చేం. కొత్తపేట దాటేక చక్రంలో మేకు దిగింది. స్టెప్నీ లేదు. ఏలీయా చక్రం విప్పి నెత్తిన పెట్టుకుని పంక్చరు వేయించడానికి నడిచివెళ్లేడు. బండిలో గడియారం ఉండబట్టి సరిగ్గా మూడు గంటల నలభై నిమిషాలు నిలబడ్డామని తెలిసింది. సాదా అయితే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

మర్నాడు ఏలీయా బండిని సుందరమ్మ గారి రాశి దగ్గరికి తోలుకెళ్లి కాయలెత్తబోయేడు. గంగరాజు గారు చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చేరు.

"ఆగు! రంగు గీరుకుపోదూ?"

రంగుకి హాని లేకుండా కాయలెక్కించే పద్ధతి కనిపెట్టడానికి మరో ఉపసంఘం వేసేరు. అది తేల్చేదాకా కాయలు తాత్కాలికంగా కిరాయి లారీలో వెళ్లాలనీ, బండి పెద్దల పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరగాలనీ తీర్మానం జరిగింది.

ఎనిమిది నెలలు చూసి సభ్యులకి కడుపు మండింది. సర్వసభ్య సమావేశం పెట్టించేం. గంగరాజు గారు మా కేకలన్నీ ఓపిగ్గా విని, "ముందు ఒక్కొక్కరూ ఎక్కి చూడండి. తరవాత తిట్టండి," అన్నారు.

ఏలీయా ఒక్కొక్కరినీ కాలవ లాకుల దాకా తిప్పి తీసుకొచ్చేడు. సుందరమ్మ గారు ముందు సీట్లో ఫ్యాను గాలికి కూర్చుని, అయిదు రాగాలూ తనే మోగించి దిగేరు.

"ఇప్పుడడగండమ్మా," అన్నారు గంగరాజు గారు.

ఆవిడ కాసేపు బండి వంక చూసేరు. "మా మనవరాలి పెళ్లికి పంపుతారా బాబూ?"

ఏలీయా ఆవిడ దగ్గరికొచ్చి, "కాయలు మొలకలొచ్చేసేయి కదండీ సుందరమ్మ గారూ," అన్నాడు మెల్లిగా.

"లారీ వస్తుంది కదరా," అన్నారావిడ, అతని మొహం చూడకుండా.

ఏలీయా తాళంచెవి బల్లమీద పెట్టేడు. "కాయలు తోలడానికని చేరేనండి. ఇంక నాకిక్కడ పని లేదండి." గంగరాజు గారు అతని సేవల్ని కొనియాడి అక్కడికక్కడే రాజీనామా ఆమోదించేరు. వారం తిరక్కుండా అతను కిరాయి లారీలో డ్రైవరుగా చేరేడు. ఇప్పుడు లారీ చెప్పిన వేళకి వస్తోంది.

ఏలీయా వెళ్లిపోయేక ఆ రోజు సమావేశంలో కొట్టుకున్నంత పనైంది. అయితే కాయల గురించి కాదు, బండి ముందెవరింటికి వెళ్లాలన్నదాని గురించి. చివరికి జాబితా రాసేరు. నేను అధ్యక్షుల్ని కడిగేద్దామనే వెళ్లినవాణ్ణి. నా నంబరు నలభై మూడు. మా రెండోవాడి పెళ్లి వైశాఖంలో ఉంది. నాకన్నా ముందున్నవారెవరైనా వంతు మార్చుకునే ఉద్దేశముంటే, కాయల ప్రసక్తి తేకుండా, నన్ను కలవవలసిందిగా మనవి.