గాలిని లెక్కపెట్టిన యాంప్లిఫైయర్

పదకొండింటికి కమిటీ వచ్చేలోపు కాఫీ తాగి, యాంప్లిఫైయర్‌ని ఓసారి చూసుకుని, తల దువ్వుకోవాలని ఇంజనీరు పొద్దున్నే అనుకున్నాడు. న్యూట్రాన్లను పసిగట్టే గొట్టంలో పుట్టే నలుసంత సంకేతాన్ని పెద్దది చేసి, లెక్కపెట్టే కౌంటరుకు అందించే పెట్టె అది. రెండేళ్లు నిద్రాహారాలు మానుకుని చేశాడు. ఇవాళ నెగ్గితే ఉద్యోగం మూడేళ్లు పొడిగిస్తారు, లేదంటే నెలాఖరుకు ఇంటికే. అందుకే పెట్టె తెలివి అందరికీ కనపడాలని నిన్న సాయంత్రమే సంకేతాన్ని పెంచే దాని నాబ్‌ను చివరికంటా తిప్పి పెట్టాడు.

గదిలో ఎవరూ లేరు. న్యూట్రాన్లు వెదజల్లే సోర్సు పక్క గదిలో, మైనపు డబ్బాలో, తాళం వెనక ఉంది. అతను అడుగు వేశాడు. కౌంటరు టిక్కుమంది. ఆగాడు. అదీ ఆగింది.

"ఎవరది?" అన్నాడు.

టిక్, టిక్, టిక్.

గబగబా ఫోన్ చేశాడు. ఫోన్ అందుకోగానే రేడియేషన్ భద్రత చూసే మేడమ్ చేతి మీటరుతో పరుగున వచ్చింది.

"సోర్సు డబ్బాలోనే ఉందండీ. తాళంచెవి ఇదిగో. నా మీటరు సున్నా చూపిస్తోందే!"

ఆవిడ మాట్లాడినంతసేపూ కౌంటరు టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"మరి ఇది ఎవర్ని లెక్కపెడుతోందండీ?" అన్నాడు ఇంజనీరు.

ఇద్దరూ నోరు మూసుకున్నారు. కౌంటరూ మూసుకుంది. ఎవరో పక్కనే నిలబడి చెవి ఒగ్గి వింటున్నట్టుంది.

"అయితే నా మీటరే చచ్చింది," అని ఆవిడ దాన్ని ఆపి బ్యాగులో పడేసి ప్రమాద గంట నొక్కింది. గంట మోగగానే కౌంటరు వెర్రెత్తినట్టు వేలు దాటింది. ఆ అంకె చూసి రెండో గంట కూడా నొక్కింది. అంకె లక్ష దాటింది. భవనమంతా ఖాళీ అయి బయటికొచ్చింది. కమిటీ ఛైర్మన్ సరిగ్గా ఆ జనం మధ్యలో కారు దిగాడు.

గంటలు ఆగాక ముగ్గురూ తెరిచిన కిటికీలోంచి తొంగి చూశారు. ఖాళీ గదిలో కౌంటరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఛైర్మన్ దగ్గాడు.

టిక్.

"నన్ను కూడా కనిపెట్టిందయ్యా!" అంటూ ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు వెలిగింది ఇంజనీరుకు. మాటకీ అడుగుకీ గొట్టంలోని సన్నని తీగ వణుకుతోంది. నాబ్ చివరికంటా ఉండటంతో పెట్టె ఆ వణుకునే న్యూట్రాన్లనుకుని లెక్కపెడుతోంది. సిగ్గుతో చచ్చిపోతూ లోపలికి ఉరికి, నాబ్‌ను ఈసారి తగ్గించే వైపు చివరికంటా తిప్పేశాడు.

ఛైర్మన్ గుమ్మంలో నిలబడి మళ్లీ దగ్గాడు. చప్పట్లు కొట్టాడు. కాలితో నేలను బాదాడు. సున్నా. మేడమ్ పక్క గదిలోంచి సోర్సు డబ్బా తెచ్చి మూత తీసింది. అప్పుడూ సున్నాయే.

"హమ్మయ్య! ఇప్పుడు బుద్ధిగా ఉంది," అని ఛైర్మన్ నిలబడ్డ చోటే మూడేళ్ల పొడిగింపుకు సంతకం పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

"మేడమ్, ఆ మూత వేసెయ్యండి," అన్నాడు ఇంజనీరు.

"సున్నా ఉంది కదండీ, కంగారెందుకు?" అంటూ ఆవిడ డబ్బా పక్కకే కుర్చీ లాక్కుంది.

పెట్టె ఇప్పుడు అసలు న్యూట్రాన్లను కూడా లెక్కపెట్టడం లేదని చెబితే ఉద్యోగం పోతుంది. అతనే ఊపిరి బిగబట్టి వెళ్లి మూత వేశాడు.

పొద్దుట్నుంచీ ఆ భవనంలో భయపడని వాళ్లు లేరు గానీ, భయపడాల్సిన వేళకు భయపడింది మాత్రం అతనొక్కడే.