మకరప్ప ఉచిత సేవ

ఒక పెద్ద అడవిలో, అంటే ఎంత పెద్దదనుకున్నారు, ఏటికి ఇవతల వాన కురుస్తుంటే అవతల ఎండ కాసేటంత పెద్ద అడవిలో, కూర్మయ్య అనే తాబేలు ఉండేవాడు. స్వామి ఒకప్పుడు మెచ్చి ఎత్తిన రూపం కదా తల్లీ, వీపు గట్టిది, మనసు మెత్తన. కుందేళ్ళనీ కోతుల్నీ నక్కల్నీ ఏరు దాటించి తలకో పండు పుచ్చుకునేవాడు. ఇంటిల్లిపాదికీ అదే తిండి.

ఒకనాడు రేవులోకి మకరప్ప అనే మొసలి దిగాడు.

"ఎక్కండి నాయనా! నా దగ్గర కూలి లేదు. సేవ, అంతే!"

ఇంకేం, అందరూ అటే.

"కూర్మయ్య మావా, నువ్వు మంచోడివే గానీ, పండంటే మాటలా?" అని కుందేళ్ళు కూడా జారుకున్నాయి.

పిల్లలు పస్తులుంటే కూర్మయ్య ఎక్కడికి పోతాడు? పోటీ పరిరక్షణ సంఘానికి మొరపెట్టుకున్నాడు. అధ్యక్షుడు ఏనుగు. నిపుణుడు జంబుకరావనే నక్క.

"అయ్యా, నన్ను రేవు నుంచి తరిమేదాకానే ఈ ఉచితం. ఆ తరవాత మకరప్ప ఏమడిగితే అది ఇచ్చుకోవాలి."

జంబుకరావు మీసం దువ్వాడు. "అధ్యక్షా, ముందు మార్కెట్ ఏదో తేల్చాలి. ఏరు దాటేవాళ్ళంతా ఒకే మార్కెట్. అందులో చేపలున్నాయి, కప్పలున్నాయి. అన్నీ కలిపితే మకరప్ప వాటా నూటికి ఒక్కటి కూడా రాదు. గుత్తాధిపత్యం ఎక్కడుంది?"

"కుందేలు చేపలా ఈదుతుందా బాబూ?"

"ప్రయత్నమే చెయ్యకుండా చేతకాదంటే ఎలా?"

ఏనుగుకి ఆ ఏరు మోకాటి లోతు. జన్మలో ఎవరికీ కూలి ఇచ్చి ఎరగడు. పైగా మొసలి పేరు వింటే ఆ వంశానికి ఎప్పటిదో వణుకు. "ప్రజలకు మేలే జరుగుతోంది. ఫిర్యాదు కొట్టేశాం," అన్నాడు.

కూర్మయ్య స్వామికో దండం పెట్టి, పిల్లలతో ఎగువ మడుగుకి వెళ్ళిపోయాడు.

మర్నాడే మకరప్ప కూలి ప్రకటించాడు: తోక ఉన్నవాళ్ళు తోక, లేనివాళ్ళు చెవి.

అంతలో జంబుకరావు కూతురి పెళ్ళి కుదిరింది, అవతలి ఒడ్డున. రేవుకొచ్చి లబోదిబోమన్నాడు.

"నాక్కూడానా? నీ పక్షాన వాదించినవాణ్ణి!"

"చేపనెక్కండి రావుగారూ. పోటీ ఉందని మీరే తేల్చారుగా!"

జంబుకరావు మడుగుకి పరుగెత్తాడు. "కూర్మయ్యగారూ, పండు కాదు, గంపెడిస్తాను!"

"పెళ్ళిపని, ఒక్క పండు చాల్లే. ఎక్కు బాబూ," అని కూర్మయ్య మళ్ళీ ఏట్లోకి దిగాడు. ఈ బేరం నిలిస్తే రేపటి నుంచి పిల్లలకు తిండి దొరికినట్టే.

అది చూసి మకరప్ప గొంతు చించుకున్నాడు: "ఇవాళ్టి నుంచి మళ్ళీ ఉచితం!"

జంబుకరావు చేతిలో పండు చూసుకున్నాడు. మకరప్ప వీపు చూశాడు.

"బాబూ, వద్దు!" అన్నాడు కూర్మయ్య.

"ఒక పండు మిగులుతుందయ్యా!" అని జంబుకరావు నడి ఏట్లో అటు దూకాడు.

ఖాళీ వీపుతో కూర్మయ్య వెనక్కి తిరిగాడు. జంబుకరావు పెళ్ళికి చేరాడు గానీ, తోక చేరలేదు. వియ్యంకుడు అడిగితే, "బరువు తగ్గింది. వినియోగదారుడికి లాభమే," అన్నాడట.

నీతి: ఉచితంగా మోసేవాణ్ణి అనుమానించకండి, వాడికింకా ఆకలెయ్యలేదు, అంతే.