నాలుగు వందల ఆంపియర్ల పిడి

"సాలెఫాటు గ్రామంలో ఇకపై ఒక్క చేప కూడా కుళ్ళదు!" అని గౌరవ విద్యుత్ శాఖామాత్యులు సోలోఫాగారు సభాముఖంగా ప్రకటించారు. సభ పక్కనే చేపల బుట్టలున్నాయి. వాసనకు ముక్కు మూసుకునే ఆయన ఈ చారిత్రక ప్రకటన చేశారు.

ఆ ప్రకటనను నిలబెట్టే భారం ఎలక్ట్రీషియన్ ఫెరెటి మీద పడింది. ఊరికో కోల్డ్ స్టోరేజీ, దానికి త్రీఫేజు కరెంటు, ఆ కరెంటును ఒక్క గుంజుతో కలపడానికీ తెంచడానికీ ఎర్రపిడి ఉన్న ఐసొలేటరు. ఫెరెటి తమ్ముడు విలీ పట్టే ట్యూనాల్లో సగం మధ్యాహ్నానికల్లా పందుల పాలవుతున్నాయి. అందుకే అతను లెక్క శ్రద్ధగా వేశాడు. చల్లబరిచే మెషినుకు యాభై ఆంపియర్లు, కరెంటు స్తంభం నుంచి దూరం నలభై మీటర్లు. పది చదరపు మిల్లీమీటర్ల కేబుల్, అరవై మూడు ఆంపియర్ల ఐసొలేటరు చాలు.

మంత్రిగారి కార్యదర్శి పెని ఆ కాగితం చూసి మొహం చిట్లించాడు.

"అరవై మూడా? పక్క దీవిలో నూరు పెట్టారు. మనం నాలుగు వందలు పెడదాం. పిడి పెద్దదైతే ఫోటో బాగా వస్తుంది."

"పెట్టండి సార్, తప్పులేదు. కేబుల్ మాత్రం..."

"కేబుల్‌ని ఎవడు ఫోటో తీస్తాడయ్యా? మట్టిలో పూడ్చేదేగా!"

కందకం తవ్వే రోజున ఊరిపెద్ద తావిటా చేతికర్రతో అడ్డం నిలబడ్డాడు. దారి సరిగ్గా మలాయె మీదుగా పోతోంది. పెద్దలు సభ తీరే పచ్చిక అది. సభ జరిగేటప్పుడు దాని పక్కన గొడుగేసుకుని నడిచినా జరిమానాయే.

"ఇక్కడ గునపం దిగిందంటే మా తాతలు లేచి కూర్చుంటారు నాయనా. చుట్టూ తిప్పుకో."

ఫెరెటికి కోపం రాలేదు. తన తాత కూర్చున్నదీ అక్కడే. చర్చి వెనకనుంచి తిప్పి కొలిస్తే నూట అరవై మీటర్లు తేలింది.

"పది సరిపోదు సార్," అన్నాడు పెనితో. "దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. మోటారు మూలిగి ఆగిపోతుంది. ఇరవై అయిదు కావాలి."

"దూరం పెరిగితే లావు కావాలా? మనుషులు దూరం నడిస్తే సన్నబడతారే!"

మంత్రిగారు విషయాన్ని మరింత లోతుగా పరిశీలించారు. నిధులన్నీ పిడికే అయిపోయాయి గనుకా, కేబుల్ పొడుగు నాలుగింతలైంది గనుకా, లావు తగ్గించి సరిచేయమని సెలవిచ్చారు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల కేబుల్ దిగింది.

"ఇది కాలిపోతుంది సార్. సర్టిఫికెట్టు మీద నేను సంతకం పెట్టను."

పెని నొచ్చుకోలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "మెషిను తగిలించకపోతే కాలుతుందా?"

"కాలదు."

"వోల్టేజి పడుతుందా?"

"పడదు."

"ఆ రెండే రాసి సంతకం పెట్టు. నిన్ను అబద్ధం రాయమన్నానా?"

"మరి చల్లదనం?"

"మంత్రిగారు తెస్తారు. మెషిను తర్వాత తగిలిద్దాం."

ఆ "తర్వాత" అన్నమాట పట్టుకుని ఫెరెటి సిగ్గుపడుతూనే సంతకం చేశాడు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు మూడు పెట్టెల ఐసుతో పడవ దిగారు. ఐసును గదినిండా పరిచారు. మంత్రిగారు రెండు చేతులతో పిడి గుంజారు. పిడి పైన ఎర్రదీపం వెలిగింది. చర్చి బ్యాండు మోగింది. లోపలికి వెళ్ళినవాళ్ళు వణుకుతూ, మురిసిపోతూ బయటికొచ్చారు.

"చూశారా, చప్పుడే లేదు! ఆధునిక యంత్రమంటే అదీ!" అన్నారు మంత్రిగారు.

వచ్చిన అతిథి వట్టిచేతులతో పోతే ఊరికి తలవంపులు. పెద్దలు పట్టుబట్టి, విలీ పడవలోంచి మూడు పెద్ద ట్యూనాలు ఏరి మంత్రిగారికి సమర్పించారు. అవి పాడవకుండా రాజధాని చేరాలి కదా! ఐసంతా ఎత్తి వాటితోపాటు పడవెక్కించారు.

పడవ మలుపు తిరిగాక విలీ మిగతా చేపల బుట్టలతో వచ్చాడు.

"అన్నా, పిడి ఆన్‌లోనే ఉందా?"

"ఉంది."

"దీపం వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

విలీ చేపల్ని ఒక్కొక్కటే లోపల పేర్చి, తలుపు గట్టిగా మూశాడు. చల్లగాలి బయటికి పోకుండా సందుల్లో గుడ్డపేలికలు కూడా కుక్కాడు. తర్వాత గోడకున్న సర్టిఫికెట్టు చూసి ఆగాడు.

"ఇది నీ సంతకమేగా అన్నా?"

"నాదే," అన్నాడు ఫెరెటి.

"అయితే బెంగలేదు," అని విలీ మళ్ళీ వల భుజానేసుకుని సముద్రం వైపు నడిచాడు.