పెనాంగ్ రేవులో వంటావార్పు

తెలంగాణకు సముద్రం లేదు గనుక తానే స్వయంగా వెళ్లి దాన్ని చూసి వస్తానని ఎమ్మెల్యే ఉమాపతి గారు తార్నాక చౌరస్తాలో మైకు పట్టుకుని ప్రకటించారు.

యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్ రఘువీర్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. ఎంత త్యాగం! ఉద్యమం కోసం రాజీనామా చేసిన మనిషి, అది ఆమోదం పొందేదాకా ఖాళీగా కూర్చోకుండా, సొంత భార్యను సైతం వెంటబెట్టుకుని సింగపూర్‌లో క్రూయిజ్ ఎక్కుతున్నాడు!

"రేపు రాష్ట్రమొస్తది. 'మీకు పోర్టేది?' అని ఆంధ్రోళ్లు ఎక్కిరిస్తరు. జవాబు చెప్పేటోడు ఒక్కడన్న ఉండాలె గదా తమ్మీ!"

"ఉండాలె అన్నా!"

"శుక్రవారం ఓడ మలేషియాల పెనాంగ్‌ల ఆగుతది. మీరు గీడ రోడ్డు మీద వంటావార్పు పెట్టుండ్రి, నేను గాడ రేవుల పెడ్త. ఇంటర్నేషనల్ ఇష్యూ అయితది. జనాన్ని నువ్వు తే. స్టూడెంట్ వింగ్ కన్వీనర్ పోస్టు నీదే."

రఘువీర్ ఎన్నాళ్లుగానో కలలు కంటున్న పోస్టు అది. వాళ్ల నాన్నది కాకినాడ. అందుకే నినాదాలు అందరికంటే రెండింతలు గట్టిగా అరవాల్సి వచ్చేది పాపం.

శుక్రవారం తార్నాకలో బస్సులు ఆగిపోయాయి. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి, దానిమీద కిచిడీ. రఘువీర్ సెల్‌ఫోన్‌ను మైకుకు ఆనించాడు.

"తెలంగాణ బిడ్డలారా! పెనాంగ్ గడ్డ మీదికెళ్లి మాట్లాడుతున్న. గీడ కొబ్బరిచెట్లున్నయ్, ఉక్కపోత ఉన్నది. పొయ్యి మాత్రం పెట్టనిస్తలేరు!"

"షేమ్! షేమ్!" అంది చౌరస్తా.

"గాడ గూడ అణచివేతేనా!" అని గరిటె తిప్పుతున్న మెస్ వంటమనిషి ఇన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. పొగ కూడా ఉందనుకోండి.

ఫోన్‌లో బూఁ అని మోత.

"ఏం సప్పుడన్నా?"

"ఓడ కూత. టైమైందట."

"మరి ఎక్కవా అన్నా?"

"ఎమ్మెల్యే ఎక్కకుంట కదుల్తదా? మొన్న నాకోసం రైలే ఆగింది!"

మళ్లీ బూఁ. తర్వాత ఉమాపతి గారి గొంతు కీచుమంది. "ఏయ్! ఆపుండ్రి! ఆపుండ్రి! అరే... పోలీసులొచ్చిన్రు!"

కాల్ కట్.

చౌరస్తా భగ్గుమంది. విదేశీ గడ్డపై అరెస్టు! రఘువీర్ బస్సు మీదికెక్కాడు. "ఉమాపతన్నను ఇడిచిపెట్టాలె!"

"నా దగ్గర లేడు గదరా!" అన్నాడు ఎస్సై.

"ముందు ఇడిచిపెట్టుండ్రి!"

లాఠీలు లేచాయి. కిచిడీ రోడ్డు పాలయింది. రఘువీర్ స్టేషన్ పాలయ్యాడు.

సాయంత్రం ఎస్సై దయతలచి ఫోన్ అందించాడు. లైన్లో ఉమాపతి గారు.

"పరేషాన్ గాకు తమ్మీ! పోలీసులు మంచోళ్లు, హోటల్ దాకా దింపిన్రు. రేవు బజార్ల షాపింగ్ చేస్కుంటనే నీతోని మాట్లాడిన, లేటయింది, గంతే. మీ వదిన టైముకు ఎక్కి ఓడల పోయింది."

వెనకనుంచి మరో గొంతు వినిపించింది. "ఉమాపతి గారూ, రొయ్యలు చల్లారిపోతున్నాయండీ!"

రఘువీర్‌కు ఆ గొంతు తెలుసు. రాష్ట్రాన్ని ముక్కలు కానివ్వనని రోజూ టీవీలో తొడకొట్టే సమైక్యాంధ్ర ఎమ్మెల్యే శశిభూషణ్ గారిది.

"అన్నా... గాయన..."

"ఆయనదీ స్టడీ టూరే. పక్క క్యాబిన్. ఆయన చీరలు చూస్కుంటనే ఇద్దరికీ లేటయింది."

"అన్నా, మరి నా కన్వీనర్ పోస్టు?"

"నీ మీద కేసయిందట గదా? కేసున్నోనికి పాస్‌పోర్టు రాదు తమ్మీ. కన్వీనర్ అన్నంక, వచ్చే టూర్‌కు మా ఇద్దరెంట రావొద్దా?"