ఎలుక చుట్టిన టేపు

పదింటికల్లా అత్తగారిని ఆవిడ చెల్లెలింటి దగ్గర దింపాలి. ఈలోగా మామగారి కారులో ఏసీ బాగుచేయాలి. బాగుచేస్తే ఆయన మెకానిక్ షెడ్డు తాళాలు అల్లుడివే. నిన్న భోజనాల దగ్గర మామగారు అందరి ముందూ అన్న మాట అది. అల్లుడు ఆ మాటనే నెమరేసుకుంటూ పొద్దున్నే షెడ్డుకొచ్చాడు.

కారు జబ్బు విచిత్రమైనది. బయట ఎండ మాడ్చేస్తుంటే, స్టీరింగు పక్కనున్న తెర మీద సున్నాకి నలభై డిగ్రీలు కిందని చూపిస్తోంది. లోపలివాళ్లు గడ్డకట్టిపోతున్నారని జాలిపడి కారు వేడిగాలి ఊదుతోంది. కిందటిసారి అత్తగారు చెమటతో తడిసి ముద్దై దిగితే, నడిచొచ్చావా అక్కా అని అడిగిందట చెల్లెలు.

అల్లుడు ముందు బంపరు కింద దూరి, బయటి వేడిని కనిపెట్టే సెన్సర్ నుంచి ప్లగ్గు ఊడదీశాడు. ప్లగ్గులోని రెండు కొసలనూ చిన్న తీగతో కలిపాడు. వైరు బాగుంటే తెర మీద అంకె ఒక్కసారిగా పైకి ఎగబాకాలి. అది కదల్లేదు. అంటే సెన్సర్ తప్పేమీ లేదు, దారిలో వైరే ఎక్కడో తెగింది. వేళ్లతో తడుముకుంటూ పోతే, కొత్త హారన్ వెనక ఆకుపచ్చ టేపు చుట్టిన ముడి తగిలింది. విప్పి చూస్తే లోపల రెండు కొసలూ పోట్లాడుకున్న తోటికోడళ్లలా ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

ఆ హారన్ బిగించింది సాక్షాత్తూ మామగారే.

"దొరికిందా బాబూ?" పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"దొరికింది మామయ్యా. ఎలుక కొరికింది."

వైరు అతికించగానే చల్లగాలి వచ్చింది. గండం గడిచిందనుకున్నాడు అల్లుడు. మామగారు మాత్రం తాళాలు మళ్లీ జేబులో వేసుకున్నారు. ఎలుకలున్న షెడ్డు అల్లుడికి అంటగట్టానని రేపు నలుగురూ అనుకోరూ? ముందు ఎలుకను పట్టాలన్నారు. టైర్లన్నీ వీధిలోకి దొర్లాయి. పాత బ్యాటరీలు గుమ్మం దాటాయి. ఎదురింటి దర్జీ కర్ర పట్టుకొచ్చి, తోక కళ్లారా చూశానన్నాడు. లేని ఎలుక కోసం అల్లుడు బల్ల కింద పాకుతూనే ఉన్నాడు. పది దాటిపోయింది.

సంచీ భుజాన వేసుకుని వచ్చిన అత్తగారు ఆలస్యమెందుకని అడగ్గానే మామగారు ఎలుక కథంతా చెప్పారు. ఆవిడ వింటూనే బంపరు కింద పడున్న టేపు ముక్కను తీసి, వైరు కొసల అచ్చు పడిన దాని మడతను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఈ ఎలుక వైరు కొరికాక టేపు కూడా చుట్టి వెళ్లిందా?"

మామగారి చెయ్యి తన చొక్కా జేబు మీదికి పోయింది. ఆకుపచ్చ టేపు చుట్ట అందులోనే ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. అల్లుడు బల్ల కిందే ఉండిపోయాడు. తోక చూసిన మాట నిజమేనని దర్జీ ఇంకా అంటున్నాడు.

మామగారు వంగి, బల్ల కిందికి తాళాలు అందించారు.

"ఇక షెడ్డు నువ్వు చూసుకో బాబూ. ఎలుక సంగతి నేను చూసుకుంటాలే."

ఆ పూట నుంచి షెడ్డు తాళాలు అల్లుడి దగ్గర, టేపు చుట్ట అత్తగారి బీరువాలో ఉంటున్నాయి.