ఏడుగురు కుర్రాళ్ళూ, ఎల్లాజీ కట్టించిన ఫ్లెక్సీ

ఆ పొద్దున ఎల్లాజీ అనుకున్న పని చాలా చిన్నది. మనవరాలు దేవి రుషికొండ కాలేజీ నుంచి సాయంత్రం వచ్చేసరికి, వీధి మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టించాలి. అది చూసి ఆ పిల్ల తనతో మళ్ళీ మాట్లాడాలి. అంతే.

మాటలు ఆగిపోవడానికి కారణం ఎండు నెత్తళ్ళు. చుట్టాలకు ఆ చేపలు ఇవ్వడానికి పొట్లం కట్టబోతే కాగితం దొరకలేదు. దేవి మంచం కింద నున్నటి బొమ్మ కాగితం ఒకటి కనిపిస్తే అందులో చుట్టి ఇచ్చేశాడు. అది ఆమె ప్రాణంలా చూసుకునే కొరియా పాటల జట్టు బొమ్మ. ఏడుగురు కుర్రాళ్ళు. అప్పటి నుంచి దేవి అన్నం పెడుతుంది, మందుబిళ్ళ ఇస్తుంది, నోరు మాత్రం విప్పదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని ఎల్లాజీకి ఉండేది.

అంతకు ముందు అతను అరుగు మీద వల బాగు చేసుకుంటుంటే పక్కన చేరి ఆ ఏడుగురి కథంతా చెప్పేది. జాలారిపేటలో ఇంకెవరికీ అది వినే ఓపిక లేదు. ఎల్లాజీకి వాళ్ళ పాట ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ వాళ్ళ కష్టం అర్థమైంది.

వాళ్ళు మొట్టమొదట వేదిక ఎక్కింది ఈ రోజేనని దేవి నాయనమ్మతో అంటుంటే విన్నాడు. పిల్ల బస్సెక్కగానే గోడ మీద మిగిలిన ఒక్క బొమ్మనూ పదిలంగా ఊడదీసి, నీలకంఠం ఫ్లెక్సీ దుకాణానికి పట్టుకెళ్ళాడు. అందులో ఏడుగురూ నల్లకోట్లు వేసుకుని, చేతుల్లో తెల్లపూలు పట్టుకుని పొగలో నిలబడి ఉన్నారు. ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు.

నీలకంఠం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నవ్వే ఫోటోలు తెచ్చేవాళ్ళు పెళ్ళివాళ్ళు, నవ్వని ఫోటోలు తెచ్చేవాళ్ళు చావింటివాళ్ళు. అతని దుకాణంలో మూడో రకం ఎప్పుడూ రాలేదు.

"ఏడుగురూనా తాతా?"

"ఏడుగురూనూ. ఒక్కడ్ని కూడా ఒగ్గీకు."

"పేర్లేటి?"

"నాకు నోరు తిరగవురా. మొకాలు బాగా కనిపిత్తే సాలు."

"రాయాల్సింది నాను రాసుకుంతాన్లే. నువ్వెల్లి ఇంటికాడ కూకో."

మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ లేచింది. చుట్టూ బంతిపూల దండ, అటొక దీపం, ఇటొక దీపం, పైన ఎగిరే పావురం, కింద పెద్ద అక్షరాలతో 'కన్నీటి వీడ్కోలు'. ఎల్లాజీకి చదువు రాదు. దండ మాత్రం బాగా కుదిరిందనుకున్నాడు.

ముందుగా పక్కింటి అప్పలరాజు వచ్చి అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. ఎల్లాజీ తమ్ముడు ఎప్పుడో చేపల వేటకని అండమాన్ వెళ్ళి, అక్కడి పిల్లను చేసుకుని ఉండిపోయాడు. ఆ చిన్న కళ్ళూ, ఆ తెల్లటి మొహాలూ చూడగానే వీళ్ళు ఆ తమ్ముడి కొడుకులేనని అప్పలరాజుకు ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది. ఏడుగురూ ఒక్కసారే అంటే పడవే తిరగబడి ఉంటుంది. సముద్రంలో పోయినవాళ్ళ ఇంటికెళ్ళి ఎలా పోయారని అడిగే అలవాటు పేటలో లేదు. బతికినప్పటి సంగతులే అడుగుతారు.

"పిల్లలు ఎలాటోల్లు బావా?"

"బంగారాలు. ఏడుగురూ ఒక్క గదిలో తొంగునీవోరు. మంచం కూడా లేదు."

"అయ్యయ్యో."

"పొద్దున లెగిసి మొదలెడితే కాళ్ళు బొబ్బలెక్కిపోయీవి. కడుపు నిండా కూడు కూడా పెట్టీవోడు కాదు, లావైపోతారని."

"ఎవుడాడు?"

"కంపినీవోడు."

అప్పలరాజు పళ్ళు నూరాడు. కుర్రాళ్ళను పనికి తీసుకుపోయే కంపెనీల సంగతి అతనికి తెలుసు.

"మొదట్లో ఆళ్ళ పాట ఇనడానికి మన ఈదిలో కుక్కలంతమంది కూడా రాలేదు. ఓపాలి సంతలో పాడతంటే వాన పడిపోనాది. అయినా ఆపలేదు."

"పాటలు కూడానేటి?"

"పాడీవోరు, ఆడీవోరు. ఆనక దశ తిరిగింది. ఇమానాల్లో తిరిగారు. ఏ దేశమెల్లినా మైదానాలు నిండిపోయీవి."

"సుఖపడే టయానికి..." అని అప్పలరాజు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

కథకే ఇంత కరిగిపోతాడని ఎల్లాజీ అనుకోలేదు. మాట్లాడి మాట్లాడి చెమట పడితే తనూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అది చూసి వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. వచ్చిన ప్రతివాడికీ అతను కథ మొదటి నుంచీ, నెమ్మదిగా, ఏదీ వదలకుండా చెప్పాడు.

ఇంతలో భార్య గంగాలమ్మ చేపలమ్ముకుని తిరిగొచ్చింది. వీధి మొదట్లో దీపాలూ దండా, తన అరుగు మీద జనం. తట్ట కింద పడేసి, గుండెలు బాదుకుంటూ రాగం తీసింది. ఏడ్చాక అడగడమే ఆమె పద్ధతి. ఆ రాగానికి వెనక వీధి ఆడవాళ్ళు కూడా వచ్చి అందుకున్నారు. కాసేపటికి ఆమె మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"ఎవులయ్యా ఆళ్ళు?"

"మన దేవి బొమ్మల్లో పిల్లలే."

"మరి నానెందుకు ఏడుత్తన్నాను?"

"అదే నానూ సూత్తన్నాను."

అందరూ చూస్తుండగా ఆపితే బాగుండదని ఆమె కొంచెం గొంతు తగ్గించి కొనసాగించింది. ఎల్లాజీ తల తిప్పి జనాన్ని చూశాడు. అప్పుడు వెలిగింది అతనికి.

చెప్పేద్దామని నోరు తెరిచేసరికి పేట పెద్ద జగ్గారావు వచ్చి నిలబడ్డాడు. రెండు నెలల వేట నిషేధం ముగిసి పడవలు అప్పుడప్పుడే సముద్రంలో దిగుతున్నాయి.

"ఏడుగురు పోతే పడవ దిగదు. రేపు ఎవులూ ఏటకెల్లరు. సెప్పీసాను."

"జగ్గారావూ, ఒక్క మాట..."

"నువ్వేటీ మాటాడకు బావా. నువ్వు మాటాడితే నాను తట్టుకోలేను."

ఎల్లాజీకి అసలు మాట గొంతు దాటడానికి ఎప్పుడూ ఆలస్యమే. అది దాటేలోపల దేవి వీధి మొదటికి వచ్చేసింది. ఫ్లెక్సీ కింద ఆగి పైకి చూస్తూ నిలబడిపోయింది. బొమ్మలో నెత్తళ్ళు చుట్టినందుకే నోరు కట్టుకున్న పిల్ల, ప్రాణాలతో ఉన్నవాళ్ళకు దండ వేయిస్తే ఇంక ఈ జన్మలో మాట్లాడదని ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు.

భుజం మీద బరువు పడింది. దేవి తల.

"నీకెవులు సెప్పారు తాతా?"

ఎల్లాజీ కళ్ళు తెరిచాడు.

"మద్దేనమే తెలిసింది. జట్టు ఇడిపోనాదంట. ఇంక ఏడుగురూ కలిసి పాడరంట. బస్సులో ఏడిత్తే పక్కనోల్లు నవ్వారు. నువ్వు సూడు, పేటంతటినీ కూకోబెట్టీసావు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎల్లాజీ దాన్ని మింగేసి ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఆమె చెబుతూనే ఉంది. ఎవరు ఏమని రాశారో, ఎవరు చివర్న ఏడ్చారో. అతను ఊ కొడుతూనే ఉన్నాడు.

కానీ రేపటి వేట పేటవాళ్ళ కూడు. పిల్ల లోపలికి వెళ్ళాక జగ్గారావును పక్కకు పిలిచి ఉన్నదంతా చెప్పాడు. జగ్గారావు ఫ్లెక్సీ వైపు తిరిగాడు.

"అయితే బతికే ఉన్నారా?"

"ఉన్నారు. ఇడిపోనారంతే."

"ఒక గదిలో తొంగున్నోల్లు, ఇంక ఎవుడి దారి ఆడిదేనా?"

"అంతేనంట."

"మా అన్నదమ్ములం పడవ పంచుకున్న రోజున ఒక్కడొచ్చి మా అరుగు మీద కూకోలేదు బావా. అదేటి, సావు కాదా?" అని జగ్గారావు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మొదలెట్టీసాం. మద్దిలో ఒగ్గీడం మంచిది కాదు."

మర్నాడు పడవ ఒక్కటీ దిగలేదు. సాయంత్రం దేవికి జగ్గారావు కబురు పంపాడు, పెద్దదినం వంటలకు ఆ ఏడుగురికీ ఏ కూరలు ఇష్టమో కనుక్కుని చెప్పమని.