బొక్కల మూత ఆంప్లిఫైరు

ఎల్లారెడ్డిలో నన్ను వైర్‌మన్ రాజేశం అంటారు. మా ఆవిడ గంగమణి మాత్రం పేరు పెట్టి పిలవదు, నిట్టూరుస్తుంది. అది నన్నే అని నాకు తెలిసిపోతుంది.

ఎనభై తొమ్మిదిలో మా బామ్మర్ది పోచన్న దుబాయి నుంచి ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు పంపేవాడు. మా చిన్న టేపులో అతని గొంతు దోమ మాట్లాడినట్టు వినిపించేది. పెద్ద టేపు పంపమంటావా అక్కా అని ఓసారి అడిగాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. నేనుండగా బామ్మర్ది టేపు మా ఇంట్లో మోగడమేమిటి? కామారెడ్డి వెళ్లి ఆంప్లిఫైరు చిప్పు కొనుక్కొచ్చాను. చిన్న టేపుకు తగిలిస్తే వీధంతా వినాలని నా పట్టుదల.

"గా పెట్టె పనిచేస్తే తమ్మునికి టేపు వద్దని చెప్త. ఖరాబైందని నీ నోటితోని అన్ననాడు తెప్పిచ్చుకుంట," అంది గంగమణి బీడీలు చుడుతూ.

సరే అన్నాను.

చిప్పు ఊరికే వేడెక్కుతుంది. ఆ వేడి లాగడానికి అల్యూమినియం రేకు బిగించాలి. రేకు కోసం ఊరంతా తిరగడమెందుకని అన్నం గిన్నె మూతకు రెండు బొక్కలు పెట్టాను. మొదటిరోజు పెట్టె గుర్రు పెట్టింది. మర్నాడు పప్పు గిన్నె మూత తీశాను. నాలుగోరోజుకు గుర్రు ఆగింది, ఇంట్లో మూతలూ అయిపోయాయి.

ఆదివారం పొద్దున స్పీకరు అరుగు మీద పెట్టి మా వీధిలోని రామవ్వనూ భూమక్కనూ పిలిచాను. రామవ్వ కొత్తిల్లు కడుతోంది, వైరింగు పని నాకే రావాలని ఆశ. పోచన్న క్యాసెట్టు అడిగితే గంగమణి తల ఎత్తకుండానే ఒకటి అందించింది. మీట నొక్కాను.

"తమ్మీ, మంచిగున్నవా," అని గంగమణి గొంతు వీధి మీద పడింది. అది దుబాయికి పోవాల్సిన క్యాసెట్టు. "మీ బావ సంగతి ఏం జెప్పాలె. మొన్న షాకు కొడితే అవ్వా అని ఒర్లిండు. నేనే చెక్కపీటతోని కొట్టి ఇడిపిచ్చిన. ఇంట్ల బల్బు మార్వాలన్నా నేనే ఎక్కాలె."

ఆపబోతే మీట ఊడి చేతిలోకొచ్చింది. రామవ్వ భూమక్క చెవిలో ఏదో అంటోంది. నా ప్రాణం చచ్చిపోయింది.

"సెట్టు ఖరాబైంది రామవ్వా," అన్నాను. "అది చెప్పేది నమ్మకుండ్రి."

గంగమణి అప్పుడు తలెత్తింది.

"ఇన్నరు గదా, ఖరాబైందట," అంది అందరితో నింపాదిగా.

నెల తిరిగేసరికి పెద్ద టేపు వచ్చింది, దాంతోపాటు నాలుగు మూతలు కూడా. టేపు మీద నేను చెయ్యి వేయకూడదట. రామవ్వ ఇంటి వైరింగు మాత్రం నాకే దక్కింది లెండి, గంగమణి చెక్కపీట పట్టుకుని పక్కన నిలబడాలనే షరతు మీద.